దూరం మరచిన రూపకం: లైనక్స్ సర్వర్లలో నెట్‌వర్క్ నిల్వ మందగమనం – నిదాన రచనల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక యంత్రంలోని ఫైళ్లను మరో యంత్రం తన సొంత ఫైళ్లలాగే వాడుకునే ఏర్పాటును నెట్‌వర్క్ నిల్వ అంటారు. లైనక్స్ సర్వర్లపై దీనికి ఎక్కువగా వాడే పద్ధతి నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ (ఎన్‌ఎఫ్‌ఎస్). ఈ నిల్వ మందగించినప్పుడు కారణాన్ని ఎలా కనుగొనాలో చెప్పే రచనలు సాంకేతిక వాఙ్మయంలో ఒక ప్రత్యేక శాఖగా ఏర్పడ్డాయి. 1985 నాటి ఎన్‌ఎఫ్‌ఎస్ రూపకల్పన పత్రం, 1994 నాటి ‘ఎ నోట్ ఆన్ డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్’, బ్రెండన్ గ్రెగ్ రాసిన ‘సిస్టమ్స్ పెర్ఫార్మెన్స్’, లైనక్స్ మాన్యువల్ పుటలు అనే నాలుగు రచనలను ఈ వ్యాసం ఆలంకారిక, తార్కిక దృష్టులతో పరిశీలిస్తుంది. రూపకల్పన దశలో తెలిసి చేసిన రూపకం వినియోగ దశలో భ్రాంతిగా మారడమే నిదానదోషాలకు మూలమని, వేగం కోసం సత్యాన్ని వదులుకునే చికిత్సకు కూడా అదే దారి తీస్తోందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: నెట్‌వర్క్ నిల్వ, లైనక్స్, ఎన్‌ఎఫ్‌ఎస్, జాప్యం, రూపకం, భ్రాంతి, హేత్వాభాస, నిదానం, సాంకేతిక రచన.

1. ప్రవేశిక:

సాంకేతిక రచనను సాహిత్య విమర్శ తన పరిధిలోకి తీసుకోవడం తెలుగులో అరుదు. వైజ్ఞానిక రచనపై వచ్చిన పరిశీలనలు ఎక్కువగా పారిభాషిక పదాల చుట్టూ తిరిగాయి. ఏ ఆంగ్లపదానికి ఏ తెలుగుపదం తగుతుందన్నదే వాటిలో ప్రధాన చర్చ. ఒక సాంకేతిక రచన పాఠకునిచేత ఏమి నమ్మిస్తుంది, దేన్ని మరపింపజేస్తుంది, ఆ మరపు వల్ల ఎవరు నష్టపోతారు అన్న ప్రశ్నలు మాత్రం అడగవలసినంతగా అడగలేదు.

ఈ ప్రశ్నలు నేడు భాషాసాహిత్య శాఖలకు దూరమైనవి కావు. తాళపత్రాలు, పాత పత్రికలు, శాసనాల నకళ్లు, జానపద గేయాల శబ్దముద్రణలు ఇప్పుడు ఛాయాచిత్రాలుగా, ధ్వని ఫైళ్లుగా ఏదో ఒక సర్వర్‌పైకి చేరుతున్నాయి. శిథిలమవుతున్న తాటాకును స్కాన్ చేసే అవకాశం ఒక్కసారే దొరకవచ్చు. ‘భద్రపరచబడింది’ అని తెరమీద కనిపించే మాటకు ఎంత విలువ ఉందన్నది కనుక పాఠపరిష్కర్తకు కూడా సంబంధించిన విషయమే. నిల్వ మందగించినప్పుడు చేసే చికిత్స ఆ మాట విలువను మార్చివేయగలదు. మందగమన నిదానాన్ని విమర్శనాత్మకంగా చదవవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతోంది.

2. మూలరూపకం – 1985 నాటి రూపకల్పన పత్రం:

ఎన్‌ఎఫ్‌ఎస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ రూపొందించింది. రసెల్ శాండ్‌బర్గ్, ఆయన సహచరులు దీని రూపకల్పనను 1985 వేసవిలో జరిగిన యూసెనిక్స్ సదస్సులో వివరించారు. ఈ వ్యవస్థ ప్రధాన లక్ష్యాలలో ‘పారదర్శకత’ ఒకటి. దూరాన ఉన్న ఫైలుకు, సొంత డిస్క్‌పై ఉన్న ఫైలుకు మధ్య ప్రోగ్రాముకు భేదం తెలియకూడదన్నది దీని అర్థం. తెరవడం, చదవడం, రాయడం, మూయడం అనే క్రియలన్నీ రెండింటికీ ఒకటే.

ఆలంకారిక పరిభాషలో ఇది రూపకం. ఉపమలో భేదం నిలిచి ఉండగా సాదృశ్యం తెలుస్తుంది. రూపకంలో ఉపమేయంపై ఉపమానానికి అభేదాన్ని ఆరోపిస్తారు. దూరపు ఫైలు దగ్గర ఫైలు ‘వంటిది’ అని ఎన్‌ఎఫ్‌ఎస్ చెప్పదు, దూరపు ఫైలే దగ్గర ఫైలు అని చెబుతుంది. అయితే ఆలంకారికులు రూపకంలోని ఆరోపాన్ని ‘ఆహార్యం’ అన్నారు. భేదం తెలిసి ఉండి, కావాలని చేసే ఆరోపం అది. ముఖాన్ని చంద్రుడన్న కవికి ముఖం చంద్రుడు కాదని తెలుసు. ఆ తెలివి లోపించి నిజంగానే చంద్రుడని పొరబడితే అది రూపకం కాదు, భ్రాంతి. ఆ పొరపాటును వర్ణిస్తే అది భ్రాంతిమదలంకారం.

1985 నాటి పత్రం ఆహార్యారోపానికి చక్కని ఉదాహరణ. తమ అభేదారోపానికి చెల్లించవలసిన మూల్యాన్ని రచయితలు దాచలేదు. స్థానిక డిస్క్ వేగంలో సుమారు 80 శాతాన్ని అందుకోవడమే తమ లక్ష్యమని పేర్కొన్నారు. ఫైలు లక్షణాలను గురించిన విచారణలు సర్వర్‌కు భారమవుతున్నాయని గమనించి, వాటి సమాధానాలను కొంతసేపు క్లయింటు యంత్రంలోనే నిలిపి ఉంచే ఏర్పాటు చేశారు. అన్నిటికన్నా ముఖ్యంగా, మార్చిన దత్తాంశాన్ని స్థిరమైన నిల్వపైకి చేర్చిన తరువాతే సర్వర్ జవాబు పంపాలని నియమించారు. సర్వర్ మధ్యలో ఆగిపోయి తిరిగి లేచినా క్లయింటుకు ఇచ్చిన మాట తప్పకుండా ఉండటం ఈ నియమ ప్రయోజనం. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ‘రాశాను’ అన్న జవాబు మర్యాదకు చెప్పే మాట కాదు, ఒక ప్రమాణం. మందగమనానికి తొలి కారణం కూడా ఈ ప్రమాణమే కావడం గమనార్హం.

3. రూపకం భ్రాంతిగా మారడం – జాప్యం, ప్రవాహం:

తెలుగునాట కార్యాలయాల్లో వినిపించే ‘నెట్ స్లోగా ఉంది’, ‘సర్వర్ డౌన్’ అనే రెండు వాక్యాలు దాదాపు ప్రతి సాంకేతిక అవాంతరానికీ వివరణలుగా చెలామణి అవుతున్నాయి. ఇవి సామాన్యుని అజ్ఞానానికి గుర్తులని తీసిపారేయడం సరికాదు. భేదాన్ని దాచడమే ధ్యేయంగా రూపొందిన వ్యవస్థ ముందు నిలబడినవానికి భేదాన్ని చెప్పే మాటలు దొరకకపోవడం సహజం. ‘స్లో’ అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. సెకనుకు ఎంత దత్తాంశం పారుతుందన్నది మొదటిది. దీన్ని ప్రవాహం అనవచ్చు. ఒక అభ్యర్థన వెళ్లి జవాబు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందన్నది రెండవది, ఇది జాప్యం.

ఒక లెక్క ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది. సెకనుకు 1 గిగాబిట్ తీగపై సిద్ధాంతరీత్యా 125 మెగాబైట్లు పారగలవు. ఆచరణలో 110 మెగాబైట్ల వరకు వస్తాయనుకుంటే 1 గిగాబైట్ పరిమాణం గల ఒకే ఫైలు సుమారు 9 సెకన్లలో చేరుతుంది. అదే గిగాబైట్ దత్తాంశం 100 కిలోబైట్ల చొప్పున 10,000 చిన్న ఫైళ్లుగా ఉందనుకుందాం. ఒక్కో ఫైలుకు వెతకడం, సృష్టించడం, రాయడం, స్థిరపరచడం అనే నాలుగు అభ్యర్థనలు ఒకదాని తరువాత ఒకటిగా వెళ్తాయనుకుందాం. వాటిలో సృష్టి, స్థిరీకరణ అనే రెండూ తిరిగే డిస్క్‌ను తాకి తీరాలి. వాటికి ఒక్కొక్కదానికి 10 మిల్లీసెకన్లు, మిగిలిన రెండింటికి ఒక్కొక్క మిల్లీసెకను చొప్పున వేసినా ఫైలుకు 22 మిల్లీసెకన్లవుతుంది. 10,000 ఫైళ్లకు నిరీక్షణే 220 సెకన్లు. తీగ అదే, సర్వర్ అదే, దత్తాంశ పరిమాణమూ అదే. 9 సెకన్ల పని మూడున్నర నిమిషాలు దాటింది. తీగను పది రెట్లు వేగవంతమైన దానితో మార్చినా ఆ 220 సెకన్లలో తగ్గేది స్వల్పమే.

డిస్క్ విషయంలో 10 మిల్లీసెకన్ల అంచనా అతిశయోక్తి కాదు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టు 8.33 మిల్లీసెకన్లు. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం కాలం పడుతుంది. ముల్లు జరగడానికి పట్టే కాలం దీనికి అదనం. భౌగోళిక దూరం కూడా ఇటువంటిదే. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాదు, విశాఖపట్నాల మధ్య 500 కిలోమీటర్ల తీగ ఉందనుకున్నా, ఒక అభ్యర్థన వెళ్లి రావడానికి 5 మిల్లీసెకన్లకు తక్కువ పట్టదు. నాలుగు అభ్యర్థనల చొప్పున 10,000 ఫైళ్లకు 200 సెకన్లు కేవలం దూరం ఖాతాలో పడతాయి. ఏ కొనుగోలూ ఈ జాప్యాన్ని తీసివేయలేదు. రూపకం మరపించిన దూరం లెక్కలో తిరిగి ప్రత్యక్షమవుతుంది.

4. 1994 నాటి ఖండన – బలం, పరిమితి:

ఈ అభేదారోపాన్ని సూటిగా ప్రశ్నించిన రచన ‘ఎ నోట్ ఆన్ డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్’. దీన్ని జిమ్ వాల్డో, జెఫ్ వయాంట్, ఆన్ వోల్‌రాత్, శామ్ కెండల్ 1994లో వెలువరించారు. వీరు కూడా సన్ మైక్రోసిస్టమ్స్ ప్రయోగశాలకు చెందినవారే కావడం విశేషం. రూపకాన్ని సృష్టించిన సంస్థ నుంచే దాని ఖండన వెలువడింది. స్థానికానికి, దూరస్థానికి మధ్య జాప్యం, మెమరీని అందుకునే తీరు, పాక్షిక వైఫల్యం, సమకాలిక వ్యవహారం అనే నాలుగింటిలో భేదం ఉందని, ఆ భేదాన్ని కప్పిపుచ్చే ఏ ప్రయత్నమైనా చివరకు విఫలమవుతుందని వీరు వాదించారు. అందుకు ఎన్‌ఎఫ్‌ఎస్‌నే నిదర్శనంగా చూపారు.

ఆ నిదర్శనం ‘హార్డ్’, ‘సాఫ్ట్’ అనే రెండు విధాల అనుసంధానాలకు సంబంధించినది. హార్డ్ పద్ధతిలో సర్వర్ పలకకపోతే క్లయింటు అది పలికే వరకు ఎదురుచూస్తూనే ఉంటుంది. సాఫ్ట్ పద్ధతిలో కొంతసేపు చూసి దోషాన్ని ప్రోగ్రాముకు తెలియజేస్తుంది. స్థానిక డిస్క్‌ను దృష్టిలో పెట్టుకొని రాసిన ప్రోగ్రాములు అటువంటి దోషాన్ని ఊహించవు. సాఫ్ట్ పద్ధతి కొన్ని సందర్భాల్లో చప్పుడు లేకుండా దత్తాంశాన్ని చెరపగలదని లైనక్స్ మాన్యువల్ పుట సైతం హెచ్చరిస్తుంది. దత్తాంశ భద్రతే ముఖ్యమైన చోట హార్డ్ పద్ధతి తప్పదు. తప్పదంటే అనంతమైన నిరీక్షణకు అంగీకరించడమే.

ఈ రచనకు ఒక పరిమితి ఉంది. జాప్యం అందరికీ కనిపించే భేదమని, యంత్రాల వేగంతోనో పనిముట్ల సాయంతోనో దాన్ని కొంతవరకు అదుపు చేసే ఆశ ఉందని, పాక్షిక వైఫల్యమే లోతైన సమస్య అని దీని వాదసరళి. ఈ విభజన సిద్ధాంతంలో స్పష్టమైనదే కాని నిదాన సమయంలో నిలవదు. హార్డ్ పద్ధతిలో ఎదురుచూస్తున్న క్లయింటుకు ఆలస్యంగా పలికే సర్వర్‌కు, ఎప్పటికీ పలకని సర్వర్‌కు మధ్య తేడా తెలిసే మార్గం లేదు. మందగమనం ఇంకా ముగియని వైఫల్యంలా, వైఫల్యం అంతులేని మందగమనంలా కనిపిస్తాయి. ‘సర్వర్ డౌన్’, ‘నెట్ స్లో’ అనే మాటలు వాడుకలో ఒకదాని స్థానంలో ఒకటి రావడానికి ఇదొక వాస్తవమైన కారణం. జాప్యాన్ని తేలికపరచిన ఖండన ఈ సంధిస్థలాన్ని చూడలేదు.

5. నిదానదోషాలు – హేత్వాభాసల వెలుగులో గ్రెగ్ పద్ధతి:

వ్యవస్థల పనితీరును పరీక్షించే పద్ధతులపై బ్రెండన్ గ్రెగ్ రాసిన ‘సిస్టమ్స్ పెర్ఫార్మెన్స్’ 2013లో మొదటిసారి, 2020లో రెండవ కూర్పుగా వెలువడింది. ఆయన ప్రతిపాదించిన ‘యూజ్’ పద్ధతి ప్రతి వనరు విషయంలోనూ మూడు ప్రశ్నలు వేయమంటుంది: ఎంత వినియోగంలో ఉంది, తీరని పని ఎంత పేరుకుంది, దోషాలేమైనా నమోదయ్యాయా? పద్ధతులతోపాటు ‘అపపద్ధతుల’ను కూడా పేర్లు పెట్టి వర్ణించడం ఈ గ్రంథంలోని సాహిత్యగుణం. తాళంచెవి పోయిన చోట కాక దీపస్తంభం కింద వెతికే తాగుబోతు కథ ఆధారంగా తెలిసిన పనిముట్టుతో తెలిసిన చోటే వెతకడాన్ని, తోచిన అమరికనల్లా మార్చి చూడటాన్ని, తప్పును మరో బృందంపైకి నెట్టడాన్ని ఆయన ఎత్తిచూపారు.

గ్రెగ్ వర్ణించినవి ప్రవర్తన దోషాలు. వాటికి అడుగున ఉన్న అనుమాన దోషాలను వివరించడానికి న్యాయశాస్త్రం మరింత సూక్ష్మమైన పరికరాలను ఇస్తుంది. ఆంధ్రుడని ప్రసిద్ధి పొందిన 17వ శతాబ్దపు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో చెప్పిన హేత్వాభాసలలో మూడు ఇక్కడ నేరుగా అన్వయిస్తాయి.

5.1 సవ్యభిచారం: ‘లోడ్ ఎక్కువగా ఉంది కనుక ప్రాసెసర్ చాలడం లేదు’ అన్నది తరచూ జరిగే అనుమానం. లైనక్స్‌లో లోడ్ సగటు ప్రాసెసర్ కోసం వేచి ఉన్న పనులను మాత్రమే లెక్కించదు. అంతరాయం కలిగించడానికి వీలులేని నిరీక్షణలో ఉన్న పనులను కూడా కలుపుకుంటుంది. 1993 నాటి ఒక సవరణ నుంచి ఈ తీరు వచ్చిందని గ్రెగ్ 2017లో ఆధారసహితంగా చూపారు. ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌లో 8 సేవాదారాలు డిస్క్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతే, ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా లోడ్ 8కి చేరుతుంది. సాధ్యం లేని చోట కూడా హేతువు కనిపిస్తోంది కనుక ఇది సవ్యభిచారం. ఈ అనుమానాన్ని నమ్మి కొత్త ప్రాసెసర్ కొంటే ఎదురుచూసే శక్తి పెరుగుతుంది తప్ప నిరీక్షణ తగ్గదు.

5.2 స్వరూపాసిద్ధం: ‘పరీక్షలో డిస్క్ నుంచి ఫైలు వేగంగా వచ్చింది కనుక డిస్క్ బాగుంది’ అన్నది రెండవది. లైనక్స్ ఒకసారి చదివిన దత్తాంశాన్ని ఖాళీగా ఉన్న మెమరీలో నిలిపి ఉంచుతుంది. అదే ఫైలును రెండవసారి చదివితే డిస్క్‌ను తాకకుండానే జవాబు రావచ్చు. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఈ అవకాశం రెండు చోట్ల ఉంది: క్లయింటు మెమరీలోనూ, సర్వర్ మెమరీలోనూ. ‘డిస్క్ నుంచి చదవడం’ అన్న హేతువే పక్షంలో లేదు. కంటికి కనిపిస్తుంది కనుక శబ్దం గుణమన్నట్టే ఇది కూడా హేతువు స్వరూపమే సిద్ధించని అనుమానం. మెమరీ పరిమాణాన్ని మించిన దత్తాంశంతోనో, ముందే నిలిపి ఉంచిన దాన్ని తొలగించిన తరువాతనో జరిపిన పరీక్షకే ఇక్కడ ప్రమాణత్వం.

5.3 వ్యాప్యత్వాసిద్ధం: ‘గిగాబిట్ తీగ కనుక నకలు వేగంగా సాగాలి’ అన్నది మూడవది. నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉంటుందనడం వంటిది ఇది. కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగకు తడికట్టెల సంబంధం ఉపాధి. ఇక్కడ అభ్యర్థనల సంఖ్య తక్కువగా ఉండటం ఉపాధి. ఈ తీగపై నకలు వేగంగా సాగిన చోటల్లా అభ్యర్థనలు తక్కువగానే ఉంటాయి. గిగాబిట్ తీగ ఉన్న చోటల్లా అవి తక్కువగా ఉండవు. మూడవ భాగంలోని 9 సెకన్లకు, 220 సెకన్లకు మధ్య అంతరాన్ని ఈ ఉపాధి వివరిస్తుంది.

‘యూజ్’ పద్ధతి మొదటి దోషం నుంచి కాపాడుతుంది. మూడవదానికి మాత్రం అది చాలదు. చిన్న ఫైళ్ల ఉదాహరణలో ప్రాసెసర్ నిండలేదు, తీగ నిండలేదు, ఒకే పని వరుసగా సాగుతున్నందువల్ల పని పేరుకోనూ లేదు. డిస్క్ ఎక్కువసేపు పనిలో ఉన్నట్టు కనిపించినా, ఒక్కో వనరును విడిగా ప్రశ్నిస్తే మొత్తం చిత్రం తెలియదు. ఒకదాని తరువాత ఒకటిగా సాగే నిరీక్షణల గొలుసులో దోషం ఉంది. జాప్యాన్ని పొరలవారీగా విభజించే విశ్లేషణను కూడా గ్రంథంలో చేర్చడం ద్వారా గ్రెగ్ దీనికి దారి చూపారు. ఎన్‌ఎఫ్‌ఎస్ విషయంలో ఆ విభజనకు ‘ఎన్‌ఎఫ్‌ఎస్‌ఐఓస్టాట్’ అనే పనిముట్టు చూపే రెండు సంఖ్యలు ఉపకరిస్తాయి. అభ్యర్థన తీగపైకి వెళ్లిన క్షణం నుంచి జవాబు వచ్చే వరకు పట్టిన కాలం ఒకటి. క్లయింటులో అభ్యర్థన పుట్టిన క్షణం నుంచి పని ముగిసే వరకు పట్టిన కాలం రెండవది. మొదటిది తక్కువై రెండవది ఎక్కువైతే నిరీక్షణ క్లయింటులోని వరుసలోనే జరుగుతోంది. మొదటిదే ఎక్కువైతే తీగనో సర్వర్‌నో అనుమానించాలి. ‘పింగ్’ 0.2 మిల్లీసెకన్లలో తిరిగివస్తూ ఉండగా ఎన్‌ఎఫ్‌ఎస్ జవాబుకు 20 మిల్లీసెకన్లు పడుతుంటే, తీగ దూరాన్ని విడిచి ముందుగా సర్వర్‌ను, దాని డిస్క్‌ను పరీక్షించాలి. డిస్క్ ప్రమేయం లేకుండా తీగను మాత్రమే పరీక్షించే ‘ఐపెర్ఫ్’, తీగ ప్రమేయం లేకుండా సర్వర్‌పై డిస్క్‌ను మాత్రమే పరీక్షించే ‘ఐఓస్టాట్’ ఈ నిర్ణయాన్ని బలపరుస్తాయి. ఒక కారణం ఉన్నప్పుడు కార్యం ఉండటం, తొలగించినప్పుడు లేకపోవడం అనే అన్వయ వ్యతిరేకాలు రెండూ కుదిరినప్పుడే నిదానం పూర్తయినట్టు. ఒకేసారి నాలుగు అమరికలు మార్చినవానికి వేగం పెరిగినా వ్యతిరేకం దక్కదు.

6. మాన్యువల్ పుటలు – ఒకే మాట, రెండు ప్రమాణాలు:

లైనక్స్ మాన్యువల్ పుటలు ఎక్కువమంది చదివే నిదాన రచనలు. వీటి శైలి సూత్రప్రాయం. ఒక్కో అమరికకు ఒకటి రెండు వాక్యాలు మాత్రమే ఉంటాయి. ఈ సంక్షిప్తత వల్ల ‘సింక్’, ‘ఏసింక్’ అనే జంటపదాల వద్ద ఒక ప్రమాదకరమైన శ్లేష ఏర్పడింది.

క్లయింటు వైపు ‘సింక్’ అంటే ప్రోగ్రాము రాసిన ప్రతిసారీ దత్తాంశాన్ని వెంటనే సర్వర్‌కు చేర్చాకే ముందుకు సాగడం. ‘ఏసింక్’ అంటే కొంత కూడబెట్టి పంపడం. ఇక్కడ ఏసింక్ సహజస్థితి, అది న్యాయమైనది కూడా. పంపవలసిన దత్తాంశం ఇంకా తనవద్దే ఉందని క్లయింటుకు తెలుసు. సర్వర్ వైపు అవే మాటలకు మరో అర్థం ఉంది. అక్కడ ‘సింక్’ అంటే దత్తాంశం స్థిరనిల్వకు చేరాకే జవాబు చెప్పడం. ‘ఏసింక్’ అంటే చేరకముందే చేరిందని చెప్పడం. ఈ రెండవది ప్రోటోకాల్‌ను ఉల్లంఘిస్తుందని, సర్వర్ ఆకస్మికంగా ఆగిపోతే దత్తాంశం పోవచ్చునని, చెడవచ్చునని ‘ఎక్స్‌పోర్ట్స్’ పుట నిజాయితీగానే ఒప్పుకుంటుంది. అయితే అదే చోట వేగం సాధారణంగా పెరుగుతుందన్న మాట కూడా ఉంది. వేగం కోసం వచ్చిన పాఠకుని కన్ను దేనిపై నిలుస్తుందో ఊహించడం కష్టం కాదు. క్లయింటు వైపు ఏసింక్ నిరపాయమని చదివినవాడు అదే పేరుగల సర్వర్ అమరికను కూడా నిరపాయమనే భావించే అవకాశాన్ని ఈ శ్లేష కల్పిస్తోంది.

‘ఎన్‌ఎఫ్‌ఎస్-యుటిల్స్’ 1.0.0 కూర్పు వరకు సర్వర్‌లో ఏసింకే సహజస్థితిగా ఉండేది. ఆ తరువాతి కూర్పులన్నిటిలో సింక్ సహజస్థితి అయింది. సత్యానికి అనుకూలంగా జరిగిన ఈ మార్పు వాడుకరికి మాత్రం హఠాత్తుగా వచ్చిన మందగమనంగా అనుభవమవుతుంది. పాత వేగం అరువు తెచ్చుకున్నదన్న సంగతి అమరిక పేరులో ఎక్కడా కనిపించదు.

తెలుగు క్రియారూపాలు ఈ భేదాన్ని తేటగా చెప్పగలవు. ‘రాసింది’ అన్నది వక్త పూచీపడే మాట. ‘రాసిందట’ అన్నది వక్త పూచీపడని మాట. సింక్ పద్ధతిలోని సర్వర్ జవాబు మొదటి రకం. ఏసింక్ పద్ధతిలోని జవాబు నిజానికి రెండవ రకమైనా, మొదటిదాని రూపంలోనే క్లయింటుకు అందుతుంది. ‘అట’ లోపించిన ఆ జవాబును నమ్మి క్లయింటు తన వద్ద ఉన్న నకలును వదిలివేస్తుంది.

1995లో వెలువడిన ఎన్‌ఎఫ్‌ఎస్ మూడవ రూపం ఈ చిక్కుకు న్యాయమైన పరిష్కారం చూపింది. క్లయింటు దత్తాంశాన్ని అస్థిరంగా రాయమని పంపి, చివర ‘కమిట్’ అభ్యర్థనతో స్థిరపరచమని కోరవచ్చు. కమిట్ జవాబు వచ్చే వరకు తన నకలును వదలదు. మధ్యలో సర్వర్ ఆగి లేస్తే అది పంపే గుర్తు మారుతుంది. ఆ మార్పును గమనించి క్లయింటు దత్తాంశాన్ని తిరిగి పంపుతుంది. అంటే ‘ఇంకా రాయలేదు, అందింది’ అని చెప్పే వ్యాకరణం ప్రోటోకాల్‌లోనే ఏర్పడింది. సర్వర్‌పై ఏసింక్ ఎంచుకున్నప్పుడు కమిట్‌కు ఇచ్చే జవాబు కూడా నమ్మదగనిదవుతుంది. అబద్ధం అవసరం లేకుండా చేసిన ఏర్పాటునే అది వమ్ము చేస్తుంది.

దీని పర్యవసానాన్ని తాళపత్ర ఉదాహరణలో చూడవచ్చు. ఒక గ్రంథాలయంలో స్కానింగ్ నెమ్మదిగా సాగుతోందన్న ఫిర్యాదుపై సర్వర్‌ను ఏసింక్‌కు మార్చారనుకుందాం. ఆ సాయంత్రమే పని వేగం పుంజుకుంటుంది, అందరూ సంతోషిస్తారు. కొన్ని నెలల తరువాత విద్యుత్తు పోయి సర్వర్ ఆగితే చివరి క్షణాల్లో ‘భద్రపరచబడిన’ పత్రాలలో కొన్ని డిస్క్‌పై లేకపోవచ్చు. దోషసందేశం ఏదీ రాదు. స్కాన్ చేసినవారి జాబితాలో ఆ పత్రం పూర్తయినట్టే ఉంటుంది. లోపం బయటపడేది ఏళ్ల తరువాత ఒక పరిశోధకుడు ఆ పుట తెరిచినప్పుడు. అప్పటికి తాటాకు పొడి అయిపోయి ఉండవచ్చు. పాఠపరిష్కరణలో లేఖకప్రమాదాన్ని పాఠాంతరాలతో పోల్చి పట్టుకోవచ్చు. ఏకైక ప్రతి విషయంలో పోల్చడానికి రెండవది ఉండదు.

సత్యాన్ని వదలకుండా వేగాన్ని పెంచే మార్గాలు లేకపోలేదు. విద్యుత్తు పోయినా దత్తాంశాన్ని కాపాడే రక్షణగల ఘనస్థితి డిస్క్‌లు, బ్యాటరీ అండగల నియంత్రికలు స్థిరనిల్వ అన్న ప్రమాణాన్ని నిలబెడుతూనే పది మిల్లీసెకన్లను ఒక మిల్లీసెకనులోపుకు దించగలవు. చిన్న ఫైళ్లను ఒక కట్టగా కట్టి పంపితే అభ్యర్థనల సంఖ్య తగ్గుతుంది. ఒకదాని కోసం మరొకటి ఆగకుండా పలు ఫైళ్లను ఏకకాలంలో పంపితే నిరీక్షణలు ఒకదానిపై ఒకటి పడి మొత్తం కాలం తగ్గుతుంది. ఇవన్నీ దూరం ఉందని ఒప్పుకొని దానితో బేరమాడే చికిత్సలు. ఏసింక్ దూరం లేదని నటించే చికిత్స.

7. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. ఎన్‌ఎఫ్‌ఎస్ పారదర్శకత రూపకల్పన దశలో ఆహార్యారోపం. తన మూల్యాన్ని 1985 నాటి పత్రం స్వయంగా ప్రకటించింది. వినియోగంలో ఆ తెలివి జారిపోయి రూపకం భ్రాంతిగా పరిణమించింది.

2. 1994 నాటి రచన ఈ భ్రాంతిని ఖండించడంలో సఫలమైనా జాప్యాన్ని, వైఫల్యాన్ని విడదీయడంలో నిదాన వాస్తవాన్ని పూర్తిగా పట్టుకోలేదు. ఎదురుచూసేవానికి ఆ రెండూ ఒకే అనుభవం.

3. గ్రెగ్ పద్ధతి వనరుల దోషాలను పట్టుకుంటుంది. నిరీక్షణల గొలుసును పట్టుకోవడానికి జాప్య విభజన తప్పనిసరి. తర్కసంగ్రహంలోని హేత్వాభాస వివేచన ఈ నిదానాలలోని తప్పులను వర్గీకరించడానికి నేటికీ సమర్థమైనది.

4. మాన్యువల్ పుటలు సత్యాన్ని దాచలేదు. కాని ఒకే పదాన్ని రెండు ప్రమాణాలకు వాడి, లాభాన్ని, నష్టాన్ని ఒకే ఊపిరిలో చెప్పడం ద్వారా పాఠకుని ఎంపికను వేగం వైపు మొగ్గనిచ్చాయి.

5. ‘ప్రవాహం’, ‘జాప్యం’ అన్న భేదాన్ని, ‘అందింది’, ‘స్థిరపడింది’ అన్న భేదాన్ని తెలుగు సాంకేతిక రచన స్పష్టంగా పాటించవలసి ఉంది. ఇది పారిభాషిక పదాల కొరతను తీర్చే పని మాత్రమే కాదు. డిజిటల్ రూపంలో మిగలబోయే వాఙ్మయం నిజంగా మిగిలిందో లేదో అడగడానికి కావలసిన భాషను సిద్ధం చేసే పని.

నెమ్మదిగా పలికే సర్వర్లలో కొన్ని చెడినవి, కొన్ని తప్పుగా అమర్చినవి, మరికొన్ని ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ఆలస్యం చేస్తున్నవి. ఈ మూడింటినీ వేరుచేసి చూపలేని నిదానం ఎంత వేగాన్ని తెచ్చిపెట్టినా సఫలమైనదని చెప్పడానికి వీలులేదు.